చదువుకుంటున్న తండ్రి, దర్యాప్తులో ఉన్న కేసు: బిడ్డను మీ దగ్గరికి తెచ్చుకోవడం ఎలా

"నేనింకా చదువుకుంటున్నాను. మేం విడిగా ఉంటున్నాం, బిడ్డ తల్లి దగ్గర ఉంది. ఆ ఇంట్లో బిడ్డపై చెయ్యి చేసుకున్నారని కేసయింది. బిడ్డను నాకిస్తారా?" పీజీ, ఎంటెక్, పీహెచ్‌డీ చేస్తున్న తండ్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది.

ఇవ్వొచ్చు. విద్యార్థి కాబట్టి తండ్రికి బిడ్డను ఇవ్వకూడదని ఏ చట్టంలోనూ లేదు. చిక్కు మరో చోట వస్తుంది. చాలామంది తండ్రులు అవతలి వాళ్లు ఎంత చెడ్డవాళ్లో చెప్పడానికే ఉన్న ఓపికంతా ఖర్చు పెడతారు. నేరాన్ని రుజువు చేసేది పోలీసులు, ప్రాసిక్యూటర్. మీరు చూపించాల్సింది మీ ఇల్లు, మీ రోజు. సాయంత్రం నాలుగింటికి బడి నుంచి వచ్చిన బిడ్డకు తలుపు తీసేదెవరు? పరీక్షల వారంలో అర్ధరాత్రి జ్వరమొస్తే పక్కన ఉండేదెవరు? వీటికి పేర్లతో సహా జవాబు చెప్పగలిగితే మీ దరఖాస్తు బలంగా ఉన్నట్టే.

ఇక్కడ రాసిన పద్ధతి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉన్న బిడ్డలకు వర్తిస్తుంది. ఆరోపణ మీ మీదే ఉంటే మాత్రం ఈ దారి మీకు పనికిరాదు. ముందు క్రిమినల్ లాయర్‌ను కలవండి. బిడ్డను కలవడానికి సొంతంగా ప్రయత్నించకండి. బిడ్డ కోసం మీ తల్లిదండ్రుల పేరో, మరో దగ్గరి బంధువు పేరో ముందుకు తెండి.

ముందు ఇది తెలుసుకోండి: మూడు చోట్లు, మూడు పనులు

పోలీస్ స్టేషన్ నేరాన్ని దర్యాప్తు చేస్తుంది. బిడ్డను ఎవరి దగ్గర ఉంచాలో తేల్చే అధికారం దానికి లేదు.

బాలల సంక్షేమ సమితి, అందరూ సీడబ్ల్యూసీ అనేది, జిల్లాకొకటి ఉంటుంది. చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. 2015 నాటి బాల న్యాయ చట్టం కింద దీనికి మెజిస్ట్రేట్ అధికారాలున్నాయి. ప్రస్తుతానికి బిడ్డ ఎక్కడ ఉండాలో తేల్చేది ఇదే.

ఫ్యామిలీ కోర్టు శాశ్వత కస్టడీ తేలుస్తుంది. ఫ్యామిలీ కోర్టు లేని చోట జిల్లా కోర్టు ఆ పని చేస్తుంది.

స్టేషన్‌లో పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి "బిడ్డను తండ్రికి అప్పగించడమైనది" అని తెల్లకాగితం మీద రాయించుకుని, కస్టడీ వచ్చేసిందనుకునే తండ్రులు చాలామంది. ఆ కాగితం కస్టడీ ఆర్డర్ కాదు. అదే కాగితంలో కేసు రాజీ అని కూడా ఉంటే మీ మీదే అనుమానం పుడుతుంది. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు పంచాయతీలో తెగే వ్యవహారం కాదు.

సిద్ధం చేసుకోవాల్సినవి

ప్రతిదానికీ మూడు జిరాక్సులు తీయించండి. ఒరిజినల్స్ వేరే ఫైల్లో పెట్టండి, అడిగినా చూపించి వెనక్కి తీసుకోండి.

- బిడ్డ జనన ధ్రువీకరణ పత్రం. తండ్రి పేరు, స్పెల్లింగ్ మీ ఆధార్‌తో కలవాలి. తేడా ఉంటే దిద్దుబాటుకు ఇప్పుడే పెట్టండి, ఆ రసీదు జత చేయండి.
- పెళ్లి రుజువు, విడాకులో మెయింటెనెన్స్ కేసో నడుస్తుంటే ఆ కాగితాలు.
- ఎఫ్ఐఆర్ నంబరు. ఫిర్యాదు మీదైతే కాపీ ఉచితంగా ఇవ్వాలి.
- సీడబ్ల్యూసీ ఇప్పటికే ఆర్డర్ ఇచ్చి ఉంటే దాని సర్టిఫైడ్ కాపీ.
- యూనివర్సిటీ బోనఫైడ్, టైంటేబుల్, కోర్సు ఎప్పుడు ముగుస్తుందో తెలిపే లెటర్.
- ఫెలోషిప్ ఆర్డర్, ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్. ఇంటి నుంచి డబ్బు వస్తుంటే పంపేవాళ్ల ఆదాయ రుజువు, "బిడ్డ ఖర్చుకు నెలకు ఇంత ఇస్తాను" అని నోటరీ చేసిన అఫిడవిట్.
- అద్దె అగ్రిమెంట్, బిడ్డ ఉండటానికి అభ్యంతరం లేదని ఓనర్ రాసిచ్చిన లెటర్.
- మీరు లేనప్పుడు బిడ్డను చూసే ఇద్దరి ఆధార్, ఫోన్ నంబర్లు, సమ్మతి పత్రాలు.
- ఇన్నాళ్లూ బిడ్డతో మీకున్న సంబంధానికి ఆనవాళ్లు: స్కూల్ ఫీజు కట్టిన యూపీఐ ఎంట్రీలు, టీకాల కార్డు, వీడియో కాల్ హిస్టరీ.

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఏడాదిగా నెలనెలా రెండు వేలు పంపిన స్టేట్‌మెంట్ ముందు "నా బిడ్డంటే నాకు ప్రాణం" అనే పేరా నిలబడదు.

మెట్టు 1: ముందు బిడ్డ క్షేమం, తర్వాతే కస్టడీ

వేధింపుల సంగతి మీకు తెలిసి ఇంకా ఎవరికీ చెప్పకపోతే ఈ రోజే చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, పోలీస్ 112. లైంగిక దాడి అయితే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ చెప్పి తీరాలి. దాచడం నేరం. ఘటన వేరే ఊళ్లో జరిగినా దగ్గర్లోని స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ చేయించవచ్చు.

గాయముంటే నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పోక్సో కేసులో ఎఫ్ఐఆర్ లేదన్న సాకుతో పరీక్ష ఆపకూడదు. ఆడపిల్లకు మహిళా డాక్టరే పరీక్ష చేయాలి. బట్టలు మార్చినా ఉతకకండి, ఆరనిచ్చి కాగితపు కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో తేమకు ఆనవాళ్లు పాడవుతాయి.

ఇక అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడ. బిడ్డ ఏదో చెబుతుంది. తండ్రి కంగారుగా ఫోన్ తీసి వీడియో పెట్టి, "అంకుల్ ఇక్కడ ముట్టుకున్నాడా? ఎన్నిసార్లు?" అని అడుగుతాడు. తర్వాత నానమ్మ అడుగుతుంది, ఆ తర్వాత అత్త. బిడ్డ పోలీసుల దగ్గరికో, మెజిస్ట్రేట్ దగ్గరికో వెళ్లేసరికి మాటలు మారిపోతాయి. అవతలి లాయరుకు "నేర్పించి చెప్పించారు" అనడానికి ఆ వీడియోయే సాక్ష్యమవుతుంది.

బిడ్డ చెబుతుంటే వినండి. "చెప్పావు, మంచి పని చేశావు" అనండి. పక్కకు వెళ్లాక బిడ్డ వాడిన మాటలే, వాడిన వరసలోనే కాగితం మీద రాయండి. తేదీ, సమయం, ఆ సమయానికి గదిలో ఎవరున్నారో కూడా వేయండి. అర్థంకాని మాటను మీ భాషలోకి మార్చకండి. అంతకుమించి అడగొద్దు.

మెట్టు 2: బిడ్డ ఇప్పుడు ఎవరి ఆర్డర్ మీద, ఎక్కడ ఉందో కనుక్కోండి

పోక్సో కేసులో నిందితుడు బిడ్డతో ఒకే ఇంట్లో ఉండేవాడైతే పోలీసులు 24 గంటల్లో బిడ్డను సీడబ్ల్యూసీ ముందు హాజరుపరచాలి. ఆ కుటుంబం నుంచి బిడ్డను బయటకు తీసుకురావాలా వద్దా అన్నది సమితి మూడు రోజుల్లో తేల్చాలి. అందుకే మొదటి మూడు రోజులు చాలా విలువైనవి. "లాయర్ దొరికాక వెళ్దాం" అని ఆగితే ఈలోపు బిడ్డను ఏదైనా హోంకు పంపుతారు. చిన్నపిల్లలైతే శిశుగృహ, పెద్ద ఆడపిల్లలైతే బాలసదనం. అక్కడి నుంచి బయటకు తేవడానికి వారాలు పడుతుంది.

దర్యాప్తు అధికారిని అడగాల్సినవి మూడే: బిడ్డను సీడబ్ల్యూసీ ముందు పెట్టారా, ఏ తేదీన, ఏ జిల్లా సమితి? కేసు ఎలా నడుస్తోందని గుచ్చిగుచ్చి అడగొద్దు. సమాధానం రాకపోతే జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లండి. అక్కడి లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసర్‌కు బిడ్డ వయసు, స్టేషన్ పేరు చెబితే ఫైల్ ఎక్కడుందో తెలుస్తుంది.

బిడ్డ ఇంకా తల్లి దగ్గరే ఉండి, నిందితుడు కూడా ఆ ఇంట్లోనే తిరుగుతుంటే ఆ ఒక్క సంగతి రాసి సీడబ్ల్యూసీకి ఇవ్వండి. బిడ్డను బడి దగ్గర నుంచి ఎత్తుకురావద్దు. "తండ్రినే కదా, నాకు హక్కుంది" అంటారు. సమితి ఆర్డర్ ఉంటే అది ఆర్డర్ ఉల్లంఘన అవుతుంది. లేకపోయినా, ఆ బిడ్డను మరోసారి బెదరగొట్టింది మీరేనని ఫైల్లోకి ఎక్కుతుంది.

మెట్టు 3: బ్యాచిలర్ రూం ఖాళీ చేయండి

నలుగురు స్నేహితులతో ఉండే గదికి బిడ్డను పంపరు. హాస్టల్ గదికి అసలే పంపరు. దర్యాప్తులో ఉన్న కేసు కాబట్టి, ఇంట్లో పరాయి మగవాళ్లు ఎవరున్నా అడుగుతారు. వాళ్లు ఎంత మంచివాళ్లైనా సరే.

మీ ముందున్న దారులు:

అమ్మానాన్నల ఇంట్లో బిడ్డ, మీరూ అక్కడే. యూనివర్సిటీకి రోజూ వెళ్లి రాగలిగితే అన్నిటికంటే బలమైన ఏర్పాటు ఇదే.

యూనివర్సిటీ దగ్గర చిన్న పోర్షన్, అమ్మో అక్కో వచ్చి ఉండటం. సింగిల్ బెడ్‌రూం చాలు. బిడ్డ పడుకునే చోటు, బాత్రూం తలుపుకు లోపలి గడియ, చేతికందని ఎత్తులో మందులు, డాబాకు పిట్టగోడ, ఇవి ఉండాలి.

బిడ్డ నానమ్మ, తాతయ్య దగ్గర, మీరు వేరే ఊళ్లో. ఇది కూడా పనికొస్తుంది, కానీ దాచకుండా రాయండి. "నా దగ్గరే ఉంటుంది" అని రాసి అడ్రస్ మాత్రం ఊళ్లోది ఇస్తే సోషల్ వర్కర్ వచ్చిన రోజే బయటపడుతుంది. ఇలాంటప్పుడు నానమ్మ, తాతయ్యల పేర్లు కూడా దరఖాస్తులో చేర్చండి.

ఆ ఇంట్లో ఎవరి మీదైనా క్రిమినల్ కేసు ఉన్నా, తాగుడు అలవాటున్నా ఇప్పుడే వేరే ఏర్పాటు చూసుకోండి. విచారణకు వచ్చినవాళ్లు ముందు అడిగేది పక్కింటి వాళ్లనే.

మెట్టు 4: రోజు కాగితం, డబ్బు కాగితం

ఒక్కో పేజీ మించకూడదు. చేత్తో రాసినా ఫర్వాలేదు. రోజు కాగితం ఇలా ఉండాలి:

"6:30కు లేపడం, తయారుచేయడం: నేను. 8:30 బడికి దింపడం: నేను, ఇంటికి బడి కిలోమీటరు. 3:45కు తీసుకురావడం: మా అమ్మ. 4 నుంచి 6 వరకు ఇంట్లో మా అమ్మతో. 6 తర్వాత నేను. మంగళ, గురువారాలు ల్యాబ్ వల్ల 7:30 అవుతుంది. సెమిస్టర్ పరీక్షల రెండు వారాలు మా అక్క వచ్చి ఉంటుంది. మా అమ్మకు ఒంట్లో బాగోకపోతే సెలవు పెట్టేది నేను."

ఇందులో మంగళ, గురువారాలు ఆలస్యమవుతుందని ఒప్పుకున్న వాక్యాన్ని తీసేయాలనిపిస్తుంది. ఉంచండి. "ఎప్పుడూ నేనే చూసుకుంటాను" అని పీహెచ్‌డీ విద్యార్థి రాస్తే ఎవరూ నమ్మరు.

డబ్బు కాగితంలో వచ్చేది ఒకవైపు, పోయేది ఒకవైపు వేయండి. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉన్నవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000. గేట్‌తో ఎంటెక్ చేసేవాళ్లకు 12,400. మొదటిది చిన్న ఊళ్లో ఇద్దరి ఖర్చుకు సరిపోతుందని చూపించవచ్చు. రెండోది ఒక్కటే అయితే సరిపోదు, ఇంటివాళ్ల అఫిడవిట్ తప్పనిసరిగా జత చేయండి. ఫెలోషిప్ చాలాసార్లు నెలనెలా పడదు, మూడు నాలుగు నెలలది ఒకేసారి పడుతుంటుంది. ఆ ఖాళీ నెలల్లో ఎలా నెట్టుకొస్తారో ఒక వాక్యం రాయండి. స్టేట్‌మెంట్‌లో మూడు నెలలు సున్నా కనిపిస్తే అడిగేది అదే.

కోర్సు మానేసి ఉద్యోగంలో చేరాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. హడావుడిగా మానేస్తే ఉన్న ఫెలోషిప్ పోతుంది, స్థిరత్వం లేని మనిషన్న ముద్ర పడుతుంది. సెమిస్టర్ బ్రేక్ తీసుకునేముందు కూడా ఆలోచించండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం హాజరు కావాలి. గైడ్‌కో, హెచ్‌ఓడీకో లెటర్ పెట్టాల్సి వస్తే "కుటుంబ న్యాయ వ్యవహారం" అని రాస్తే చాలు. బిడ్డ పేరు, కేసు వివరాలు వద్దు.

మెట్టు 5: సీడబ్ల్యూసీకి దరఖాస్తు

ఫీజు లేదు. లాయర్ లేకుండా మీరే ఇవ్వొచ్చు. తెలుగులో రాయొచ్చు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. స్టాంపు లేని దరఖాస్తు ఇవ్వనట్టే లెక్క. ఇలా రాయండి:

"బాలల సంక్షేమ సమితి వారికి. ఫలానా స్టేషన్ ఎఫ్ఐఆర్ నంబరు ఇంతకు సంబంధించి సమితి ముందుకు వచ్చిన ఆరేళ్ల బాలికకు నేను తండ్రిని. నేను ఈ కేసులో నిందితుణ్ని కాను, నాపై వేరే కేసులేవీ లేవు. విచారణ పూర్తయ్యేవరకు బిడ్డను నా సంరక్షణలో ఉంచవలసిందిగా కోరుతున్నాను. సమితి పర్యవేక్షణకు, సోషల్ వర్కర్ తనిఖీలకు, కౌన్సెలింగ్‌కు సమ్మతిస్తున్నాను. నిందితుడు గానీ అతని తరఫువారు గానీ బిడ్డను కలవకుండా చూస్తాను. సమితి అనుమతించిన పద్ధతిలో తల్లి బిడ్డను కలవడానికి నాకు అభ్యంతరం లేదు. బిడ్డను వెంటనే అప్పగించడం కుదరకపోతే వారానికి ఒకసారి కలవడానికి రాతపూర్వక అనుమతి ఇవ్వగలరు."

తల్లి గురించిన వాక్యం చాలామందికి మింగుడుపడదు. తల్లి నిందితురాలు కానప్పుడు ఆ వాక్యం ఉంచండి. చాలా కేసుల్లో ఆమె కూడా అదే మనిషి చేతిలో దెబ్బలు తిని ఉంటుంది. బిడ్డకు తల్లి కావాలి. అది ఒప్పుకున్న తండ్రి మీద సమితికి నమ్మకం కుదురుతుంది. మీపై పాత కేసేదైనా ఉంటే "కేసులేవీ లేవు" అని రాయొద్దు. నంబరు, అది ఏ దశలో ఉందో రాయండి.

పెళ్లి కాని తండ్రులకు ఒక మాట. హిందూ మైనారిటీ చట్టంలో (ఇక్కడ మైనారిటీ అంటే మైనర్ పిల్లలని) పెళ్లి కాని తల్లిదండ్రుల బిడ్డకు మొదటి సహజ సంరక్షకురాలు తల్లి, తర్వాతే తండ్రి. దాని అర్థం మీరు దరఖాస్తు చేయకూడదని కాదు. జనన పత్రంలో మీ పేరుంటే అది జత చేయండి, లేకపోతే డీఎన్ఏ పరీక్షకు సిద్ధమని రాయండి.

మెట్టు 6: ఇంటి విచారణ

సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్ట్ 15 రోజుల్లో రావాలని చట్టం చెబుతోంది. సోషల్ వర్కర్ చెప్పి రావచ్చు, చెప్పకుండానూ రావచ్చు. ఇల్లు అద్దంలా ఉండక్కర్లేదు. వంట జరుగుతున్న ఇల్లులా ఉండాలి. బిడ్డకు పరుపు, రెండు జతల బట్టలు, బడి దూరం, పక్కింటివాళ్లకు మీరెవరో తెలిసి ఉండటం, వీటిని చూస్తారు. మీ అమ్మను విడిగా మాట్లాడిస్తారు. ఆమెకు ముందే మాటలు నేర్పకండి. రోజు కాగితంలో ఏముందో మాత్రం ఆమెకు నిజంగా తెలిసి ఉండాలి. "నాకేం చెప్పలేదు బాబూ, వాడే ఏదో రాసుకున్నాడు" అని ఆమె నోట వస్తే కాగితాలన్నీ వృథా.

రిపోర్టు వెళ్లిందో లేదో పదహారో రోజున కనుక్కోండి. వెళ్లకపోతే సమితికి ఒక రిమైండర్ లెటర్ ఇచ్చి స్టాంపు వేయించండి. మొత్తం విచారణ నాలుగు నెలల్లో ముగియాలి. తుది నిర్ణయానికి కనీసం ముగ్గురు సభ్యులు కూర్చోవాలి. సమితి పనితీరు మీదే ఫిర్యాదు ఉంటే దాన్ని వినేది జిల్లా కలెక్టర్.

మెట్టు 7: హోంలో ఉన్న బిడ్డను కలిసేటప్పుడు

అనుమతి కాగితం, ఆధార్ వెంట ఉండాలి. ఇచ్చిన సమయానికి వెళ్లండి, మానేయొద్దు. ఎవరు ఎప్పుడు వచ్చారో అక్కడ రిజిస్టర్‌లో ఉంటుంది. పరీక్ష వల్ల రాలేకపోతే ముందురోజే చెప్పండి.

"రేపే తీసుకెళ్తా" అనొద్దు. రేపు మీ చేతిలో లేదు. "నీకోసం ఇల్లు సిద్ధం చేస్తున్నా, పెద్దవాళ్లు చూసి చెబుతారు" అనండి. కేసు గురించి ఒక్క ప్రశ్న వేయొద్దు. బిడ్డ తనంతట తను ఏదైనా చెబితే విని, బయటికి వచ్చి మెట్టు 1లో చెప్పినట్టు రాసి సపోర్ట్ పర్సన్‌కు ఇవ్వండి. పోక్సో కేసులో బిడ్డకు తోడుగా ఉండేందుకు సమితి నియమించే మనిషే సపోర్ట్ పర్సన్. ఇప్పటిదాకా నియమించకపోతే అడగండి.

ఫొటోలు తీయొద్దు. వాట్సాప్ స్టేటస్‌లో "నా బిడ్డకు న్యాయం కావాలి" అని బిడ్డ ముఖం పెట్టిన తండ్రి తనే నేరం చేసినవాడవుతాడు. బిడ్డ గుర్తింపు బయటపెట్టడాన్ని పోక్సో 23, బాల న్యాయ చట్టం 74 సెక్షన్లు శిక్షార్హం చేశాయి. బడి పేరు, వీధి పేరు కూడా గుర్తింపే.

మెట్టు 8: ఫ్యామిలీ కోర్టు

సీడబ్ల్యూసీ బిడ్డను మీకిచ్చినా పని అయిపోలేదు. అది రక్షణ కోసం ఇచ్చిన ఆర్డర్. దర్యాప్తు ముగిశాక తల్లి తరఫువాళ్లు కోర్టుకు వెళితే మళ్లీ మొదటికొస్తుంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్, దాంతో పాటే 12వ సెక్షన్ కింద మధ్యంతర కస్టడీకి ఐఏ (అసలు పిటిషన్‌తో పాటు వేసే అనుబంధ దరఖాస్తు) వేయించండి. విడాకుల కేసు నడుస్తుంటే అందులోనే అడగవచ్చు.

ఏ కోర్టు? బిడ్డ మామూలుగా నివసించే చోటు. కేసు వల్ల వేరే జిల్లా హోంలో పెట్టినంత మాత్రాన అది బిడ్డ నివాసం కాదు. తప్పు కోర్టులో వేస్తే నెలలు గడిచాక పిటిషన్ తిప్పి పంపుతారు.

ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలని హిందూ మైనారిటీ చట్టం 6వ సెక్షన్ అంటుంది. "మామూలుగా" అన్నారు, "తప్పనిసరిగా" అనలేదు. 13వ సెక్షన్ ప్రకారం బిడ్డ క్షేమమే అన్నిటికన్నా పైన. నిందితుడు ఆ ఇంట్లోనే ఉన్నాడా, తల్లి అతణ్ని బయటికి పంపిందా అన్నదాని మీద కోర్టు ఎటు మొగ్గుతుందో చాలావరకు ఆధారపడుతుంది. ఆమె పంపించేసి ఉంటే ఆ సంగతి దాచకండి.

పిటిషన్‌లో సీడబ్ల్యూసీ ఆర్డర్, ఎఫ్ఐఆర్ సంగతి తప్పకుండా రాయించండి. సమితి కాదన్నది దాచి కోర్టుకు వెళ్లడం అవతలివాళ్లకు పదునైన కత్తి అందించడమే.

లాయరు ఫీజు కట్టలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, ఫోన్ 15100. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్ ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది, విద్యార్థుల్లో చాలామంది ఆ పరిమితిలోనే ఉంటారు. బిడ్డకు కూడా విడిగా ఉచిత లాయర్ హక్కుంది.

సమితి కాదంటే

అదే రోజు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో చిల్డ్రన్స్ కోర్టులో అప్పీలు చేయాలి. కొందరు లాయర్లు హైకోర్టులో హెబియస్ కార్పస్ (అక్రమంగా నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరే పిటిషన్) వేద్దామంటారు. సమితి ఆర్డర్ మీద హోంలో ఉన్న బిడ్డ అక్రమ నిర్బంధంలో ఉన్నట్టు కాదు కాబట్టి అది సాధారణంగా నిలవదు. ఈలోగా అప్పీలు గడువు దాటిపోతుంది.

కారణం ఏం రాశారో చదవండి. "తండ్రి విద్యార్థి" అని ఒక్కటే ఉంటే అప్పీలులో బలమైన పాయింట్. "బిడ్డను చూసుకునే మనిషి లేరు" అని ఉంటే అప్పీలు కన్నా ముందు ఆ లోటు తీర్చి, కొత్త పరిస్థితి చూపిస్తూ సమితికే మళ్లీ దరఖాస్తు ఇవ్వడం త్వరగా పనిచేస్తుంది. గడువు మాత్రం దాటనివ్వొద్దు, రెండూ చేయొచ్చు.

ఆర్డర్ చేతికొచ్చాక సరిచూసుకోవాల్సినవి

ఆఫీసు గుమ్మం దాటకముందే చదవండి. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, మీ పేరు, ఇప్పటి అడ్రస్ సరిగ్గా ఉన్నాయా? ఇది విచారణ పూర్తయ్యేవరకా, తుది ఆర్డరా? తర్వాతి హాజరు తేదీ ఉందా? జిల్లా దాటి తీసుకెళ్లడానికి అనుమతి కావాలని ఉందా? పండక్కి ఊరెళ్లడం కూడా దాని కిందికే రావచ్చు. తల్లి ఎప్పుడు, ఎక్కడ, ఎవరి సమక్షంలో కలవాలి? నోటిమాటగా చెప్పినది ఆర్డర్‌లో లేకపోతే లేనట్టే, అక్కడే దిద్దించుకోండి.

ఒక కాపీ దర్యాప్తు అధికారికి, ఒకటి సపోర్ట్ పర్సన్‌కు ఇవ్వండి. బడిలో హెడ్‌మాస్టర్ ఒక్కరికే చూపించి, బిడ్డను తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు ఎవరో ఇద్దరి పేర్లు రాసివ్వండి. క్లాస్ టీచర్లందరికీ కథ చెప్పొద్దు.

మొదటి నెలల్లో పక్క తడపడం, తిండి మానేయడం, మిమ్మల్ని వదలకపోవడం సహజం. సమితి చెప్పిన కౌన్సెలింగ్ తేదీలు తప్పించకండి. నిద్ర, తిండి, బడి హాజరు గురించి వారానికి నాలుగు లైన్లు రాసిపెట్టండి. తర్వాతి హాజరులో అడిగేవి అవే.

నిందితుడు బెయిల్ మీద బయటికి వచ్చాడని తెలిస్తే వెంటనే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను కలవండి. ఇంటి దగ్గరకూ బడి దగ్గరకూ రాకూడదన్న షరతు ఉందా లేదా చూడండి. అప్పటికే వచ్చి ఉంటే తేదీ, సమయం రాసి దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఎదురెళ్లి గొడవ పడొద్దు. మీ మీద కేసు పెట్టించాలని చూసేవాళ్లకు ఆ ఒక్క గొడవ చాలు.

మీరు విదేశంలో చదువుతుంటే

బిడ్డ ఇక్కడ ఉంటే మీ నాన్నకు పవర్ ఆఫ్ అటార్నీ పంపి కస్టడీ తెచ్చుకోలేరు. దాంతో ఆయన కాగితాలు దాఖలు చేయగలరు, తేదీలకు వెళ్లగలరు, అంతే. పవర్ ఆఫ్ అటార్నీ భారత కాన్సులేట్‌లో చేయించండి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి. ఇంటి విచారణ సమయానికైనా, సమితి ముందు హాజరుకైనా మీరు రావాలి.

దరఖాస్తులో "బిడ్డను నాతో అమెరికా తీసుకెళ్తాను" అని రాయొద్దు. దర్యాప్తు, సాక్ష్యం పూర్తికాని బిడ్డను దేశం దాటించే ఆలోచనకు సమితి ఒప్పుకోవడం చాలా కష్టం. పైగా ఆ ఒక్క వాక్యం వల్ల మిగతాదంతా అనుమానంగా చూస్తారు. నానమ్మ, తాతయ్యలను సంరక్షకులుగా చూపించి, మీ కోర్సు ముగిసే తేదీ, తిరిగొచ్చే ఏర్పాటు రాయండి. బిడ్డ కూడా విదేశంలోనే ఉండి అక్కడే కేసయితే అక్కడి చట్టం, అక్కడి కోర్టే వర్తిస్తాయి. ఆ ఊళ్లోని ఫ్యామిలీ లాయరును, మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసును అదే రోజు కలవండి.